ట్రక్కులో ఇల్లు... మంచులో మజిలీ!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ ఇంటిని ట్రక్కు వెనకాల కట్టి, గడ్డకట్టే చలిలో కొండెక్కించి, అందులో పిల్లల్ని పడుకోబెట్టి చూడమంటే..? అమెరికాలో స్కీయింగ్ అంటే ప్రాణంపెట్టే కుటుంబాలు కొన్ని సరిగ్గా ఆ పనే చేస్తుంటాయి. అదీ సొంత చేతుల్తో!

డిసెంబరు వచ్చిందంటే చాలు... కొలరాడో, యూటా, వాషింగ్టన్, ఆరెగాన్ రాష్ట్రాల్లోని కొండలన్నీ తెల్లగా మెరిసిపోతుంటాయి. కాళ్లకి పొడవాటి స్కీ పలకలు బిగించుకుని, చేతుల్లో కర్రలతో కొండమీది నుంచి సర్రున జారుతుంటే ఆ మజాయే వేరు. అయిదేళ్ల బుడతడి నుంచి డెబ్భై ఏళ్ల తాతయ్య దాకా ఇంటిల్లిపాదీ కలిసి ఆడే ఆట ఇది. ఎటొచ్చీ జేబుకే బరువు. కొలరాడోలోని వెయిల్ రిసార్టులో రద్దీ రోజుల్లో కౌంటర్లో కొనే ఒకరోజు టిక్కెట్టు ధర 2024-25 సీజన్లో 300 డాలర్లు దాటింది. మన లెక్కలో పాతికవేల రూపాయల పైమాటే. అదీ ఒక్కరికి!

ఈ బాదుడు తప్పించుకోవడానికి సీజన్ పాసులున్నాయి. 2008లో వెయిల్ రిసార్ట్స్ సంస్థ ‘ఎపిక్ పాస్’ని తెచ్చింది. 2018లో దానికి పోటీగా ‘ఐకాన్ పాస్’ వచ్చింది. ముందే ఏకమొత్తం కట్టేస్తే చాలా రిసార్టుల్లో సీజనంతా కొండెక్కి దిగొచ్చు. పాసు చేతికొచ్చాక లెక్క తిరగబడుతుంది. ఎన్ని ఎక్కువ రోజులు వెళితే అంత గిట్టుబాటు. మరి వెళ్లిన ప్రతిసారీ రాత్రి ఎక్కడ పడుకోవాలి? సీజన్లో ఆ కొండ ఊళ్లలో హోటల్ గదుల అద్దెలు కొండెక్కి కూర్చుంటాయి. షోరూముల్లో అమ్మే క్యాంపర్ వాహనాలు కొందామా అంటే వాటి ధరా తక్కువేం కాదు. పైగా చాలావరకు వేసవి విహారాల కోసం చేసినవే. గడ్డకట్టే చలిలోకి తీసుకెళితే వాటి నీటి గొట్టాలు పగిలి ఊరుకుంటాయి.

ఇంకేం మిగిలింది? పెరట్లో ఉన్న ట్రక్కు, నాలుగు ప్లైవుడ్ పలకలు, కాస్త ఓపిక.

వందేళ్ల సరదా

బండిలోనే బస అన్న ఆలోచన ఇప్పటిది కాదు. 1915 ఆగస్టు 21న న్యూయార్క్ రాష్ట్రంలోని హంటింగ్టన్ నుంచి రోలాండ్ కాంక్లిన్ అనే వ్యాపారి కుటుంబంతో సహా శాన్‌ఫ్రాన్సిస్కోకి బయల్దేరాడు. ఎక్కిన బండి పాతికడుగుల పొడవు, ఎనిమిది టన్నుల బరువు. బస్సులు తయారుచేసే తన కంపెనీలోనే దాన్ని ప్రత్యేకంగా కట్టించాడు. అందులో వంటగది, రైల్లోలాంటి బెర్తులు, కరెంటు దీపాలు, గ్రామఫోను, పుస్తకాల గూడు... చాలదన్నట్టు పైకప్పు మీద చిన్న తోట కూడా! దాన్ని చూసి ఆనాటి పత్రికలు ముక్కున వేలేసుకున్నాయి.

అది కలిగినవాళ్ల ముచ్చట. చేతిలో చిల్లిగవ్వ లేనివాళ్ల కథ ఇంకొకటుంది. ఇడాహో రాష్ట్రంలోని సన్ వ్యాలీ 1936లో మొదలైన ఖరీదైన స్కీ రిసార్టు. కుర్చీల్లో కూర్చోబెట్టి మనుషుల్ని కొండమీదికి చేర్చే చెయిర్‌లిఫ్టు ప్రపంచంలో మొట్టమొదట వచ్చింది అక్కడే. ఓడల్లోకి అరటిగెలల్ని ఎక్కించే యంత్రాన్ని చూసిన జేమ్స్ కరన్ అనే రైల్వే ఇంజినీరుకి తట్టిన ఉపాయం అది! రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1946-47 చలికాలంలో ఆ రిసార్టు పార్కింగ్ స్థలంలో ఓ బుల్లి ట్రెయిలర్ తెచ్చిపెట్టుకుని మకాం వేశారు వారెన్ మిల్లర్, వార్డ్ బేకర్ అనే ఇద్దరు స్నేహితులు. క్యాంటీన్లో ఉచితంగా దొరికే కెచప్‌ని వేడినీళ్లలో కలుపుకుని సూపుగా తాగేవాళ్లమని మిల్లర్ తర్వాత నవ్వుతూ చెప్పుకునేవాడు. ఆ చలికాలంలో కెమెరా పట్టుకోవడం నేర్చుకున్న మిల్లరే ఆనక అమెరికాలో స్కీయింగ్ సినిమాలకి పెట్టింది పేరయ్యాడు. 2018లో 93 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా ఆ పార్కింగ్ స్థలం రోజుల్ని మర్చిపోలేదు.

ఇద్దరు కుర్రాళ్లయితే ఎలాగో సర్దుకుంటారు. పసిపిల్లలతో వెళ్లే కుటుంబం అలా సర్దుకుంటే కుదరదు. అందుకే కుటుంబం కోసం కట్టే ట్రక్కు ఇంట్లో ప్రతి అంగుళానికీ ఓ లెక్క ఉంటుంది.

అటక మీద పక్క

మొదటి ప్రశ్న... ఎలాంటి ట్రక్కు? సామాన్లు మోసే పెద్ద పెట్టె ట్రక్కు అయితే లోపల నిలబడి తిరగొచ్చు. గోడలు, కప్పు ముందే ఉంటాయి కాబట్టి పని సగం అయిపోయినట్టే. చిక్కల్లా సీట్లతోనే. చాలా పెట్టె ట్రక్కుల్లో ముందు ఇద్దరో ముగ్గురో కూర్చోగలరు. పిల్లల్ని వెనక పెట్టెలో కూర్చోబెట్టి కొండ రోడ్లమీద తీసుకెళ్లడం ప్రమాదం. కొత్త సీటు బిగించాలంటే స్క్రూలు కొడితే చాలదు. ప్రమాదం జరిగినప్పుడు ఊడిరాకుండా వాహనం చట్రానికి గట్టిగా పట్టి ఉండేలా నిపుణులే బిగించాలి. అందుకే నలుగురున్న కుటుంబాలు చాలావరకు రెండు వరుసల సీట్లున్న పికప్ ట్రక్కువైపే మొగ్గుతాయి. అందరూ ముందే, బెల్టు పెట్టుకుని కూర్చుంటారు. ఇల్లు మాత్రం వెనక తొట్టిలోకి ఎక్కుతుంది. చలికాలం అయిపోగానే దాన్ని దించేసి ట్రక్కుని మామూలుగా వాడుకోవచ్చు.

పికప్ తొట్టి వెడల్పు, పొడవు చూస్తే ప్లైవుడ్ కోసమే పుట్టిందా అనిపిస్తుంది. ప్లైవుడ్ పలక నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. పెద్ద పికప్‌లలో వెనక చక్రాల గూళ్ల మధ్య ఆ పలక సరిగ్గా పడుతుంది. దాని చుట్టూ చెక్క చట్రం లేపి, డ్రైవర్ క్యాబిన్ మీదికి ముందుకు పొడిచి ఉండేలా అటక కడతారు. అమ్మానాన్నల పక్క ఆ అటక మీదే. కింద ఎదురెదురుగా రెండు బల్లలు, మధ్యలో మడత బల్ల. పగలు అది భోజనాల గది. రాత్రి మడత బల్లని కిందికి దించి పైన పరుపు వేస్తే పిల్లల పడకగది! మన రైల్లో మిడిల్ బెర్తు సూత్రమేగా?

అసలు పరీక్ష బరువుతోనే. ట్రక్కు ఎంత మోయగలదో డ్రైవర్ తలుపు చట్రం మీద అంటించిన స్టిక్కర్ చెబుతుంది. మనుషులు, సామాన్లు అన్నీ కలిపి అంత దాటకూడదు. మామూలు రకం పికప్‌లకి అది 700-900 కిలోల మధ్య ఉండటం పరిపాటే. ముప్పావు అంగుళం మందం ప్లైవుడ్ పలక ఒక్కటే 30 కిలోల దాకా తూగుతుంది. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. నలుగురు మనుషులు, ఎనిమిది స్కీ పలకలు, నాలుగు జతల బరువైన బూట్లు, బ్యాటరీ, పరుపులు... చూస్తుండగానే లెక్క నిండిపోతుంది. బరువు పైన ఎక్కువై కింద తక్కువైతే మంచు పేరుకున్న మలుపులో బండి ఒరిగే ప్రమాదం. అందుకే అనుభవం ఉన్నవాళ్లు పలుచటి ప్లైవుడ్ వాడి, బరువైన వస్తువులన్నీ నేలబారుగా, వెనక ఇరుసుకి కాస్త ముందు ఉండేలా సర్దుతారు. ప్రయాణానికి ముందు బండిని వేబ్రిడ్జి ఎక్కించి తూకం వేయిస్తారు.

ఊపిరే శత్రువు!

గోడల్లో థర్మోకోల్‌లాంటి గట్టి నురగ పలకలు నింపి, సందుల్లో నురగ కొట్టి, గాలి చొరబడకుండా బిగిస్తే వెచ్చగా ఉంటుంది... కొత్తగా కట్టేవాళ్లు ఎవరైనా అలాగే అనుకుంటారు. మొదటి రాత్రి తెల్లారేసరికి అసలు సంగతి తెలుస్తుంది. పరుపు కింద తడి. కిటికీ మీద మంచుపొర. కప్పు నుంచి మొహం మీద టపటపా చినుకులు. వాన పడలేదు, మంచు కరగలేదు. మరి ఆ నీళ్లెక్కడివి?

లోపల పడుకున్నవాళ్లవే! మనిషి రోజు మొత్తంలో ఊపిరితో బయటికి పంపే నీరు సుమారు 300-400 మిల్లీలీటర్లు. నలుగురు ఎనిమిది గంటలు నిద్రపోతే అర లీటరు దాకా నీరు గాల్లో కలుస్తుందన్నమాట. తడిసిన కోట్లు, చేతి తొడుగులు, పొయ్యిమీది కూర అందుకు అదనం. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసామీద నీటిబిందువులు చేరినట్టే ఆ ఆవిరంతా చల్లటి గోడని తాకి నీరవుతుంది. ముఖ్యంగా ఇనుప కమ్మీలు, స్క్రూలు ఉన్నచోట. ఇనుము బయటి చలిని తిన్నగా లోపలికి మోసుకొస్తుంది కాబట్టి నీరు ముందు అక్కడే పడుతుంది. ఆ తడి గోడలోకి దిగితే బూజు, తుప్పు, చెక్క చివకడం వరసగా వచ్చేస్తాయి. రెండు చలికాలాలు తిరిగేసరికి కష్టపడి కట్టిన ఇల్లు కుళ్లిపోతుంది.

విరుగుడు వింటే నవ్వొస్తుంది. కిటికీ కాస్త తెరిచి పడుకోవడమే! బయట మైనస్ పదిహేను డిగ్రీలున్నా సరే, కింద ఓ చిన్న సందు, పైకప్పులో నెమ్మదిగా తిరిగే ఫ్యాను ఉండాలి. గడ్డకట్టే గాలిలో తేమ చాలా తక్కువ. అది లోపలికొచ్చి వేడెక్కిందంటే తడిని పీల్చుకునే స్పాంజిలా తయారవుతుంది. ఆ తేమని మోసుకుని పైనుంచి బయటికి పోతుంది. వెచ్చదనం కొంత పోయినా పక్క పొడిగా ఉంటుంది. తడి పక్కలో వెచ్చదనం ఎక్కడిది? అందుకే పరుపు కింద గాలి ఆడటానికి చెక్క పట్టీలు పేరుస్తారు. ఇనుప కమ్మీల మీద నురగ పట్టీలు అతికిస్తారు. ఈ ఇంట్లో పనితనమంతా వేడిని పట్టి ఉంచడంలో కంటే ఊపిరిని బయటికి పంపడంలోనే ఉంది.

వాసన లేని ప్రమాదం

వేడి కోసం ఏం వాడాలన్నది ప్రాణాలతో ముడిపడిన విషయం. లోపల గ్యాసు పొయ్యి వెలిగించి చలి కాచుకోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకి పైగా నీటి ఆవిరి పుడుతుంది. తేమ గొడవ అటుంచితే, ఆక్సిజన్ చాలక మంట సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. రంగు, రుచి, వాసన లేని విషవాయువు అది. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా రెండొందల రెట్లకి పైగా బలంగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లకి తెలిసేలోపే ప్రాణం తీసేస్తుంది.

కొండమీద ఇంకో తిరకాసు ఉంది. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కితే మొదట కనిపించేవి తలనొప్పి, వికారం, నీరసం. మైదానం నుంచి ఒక్కసారిగా ఎత్తైన చోటికి వెళ్లినవాళ్లకీ అచ్చం అవే లక్షణాలు! కొలరాడోలోని బ్రెకెన్‌రిడ్జ్ పట్టణమే 9,600 అడుగుల ఎత్తులో ఉంది. పిల్లాడు తలనొప్పిగా ఉందంటే ఎత్తు పడలేదేమోలే అని సరిపెట్టుకుంటే కొంప మునుగుతుంది. అందుకే కార్బన్ మోనాక్సైడ్ అలారం లేని ట్రక్కులో ఒక్క రాత్రి కూడా పడుకోకూడదు. పడుకునే తలల దగ్గర అది తప్పనిసరి. అలారం మోగినా, ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చినా ముందు అందరూ బయటికి రావాలి. ఆలోచనలన్నీ ఆ తర్వాతే.

చలి ప్రాంతాల్లో ఎక్కువమంది నమ్ముకునేది డీజిల్ హీటర్‌ని. జర్మనీ కంపెనీలైన వెబాస్టో, ఎబర్‌స్పాకర్‌లు లారీ డ్రైవర్లు చలి రాత్రుల్లో క్యాబిన్లో పడుకోవడానికి ఇలాంటివి ఎన్నో ఏళ్లుగా తయారుచేస్తున్నాయి. మండటానికి కావల్సిన గాలిని అది బయటి నుంచే తీసుకుంటుంది. పొగనీ గొట్టంతో బయటికే పంపుతుంది. లోపలికి వచ్చేది వేడెక్కిన పొడిగాలి మాత్రమే. చిన్న హీటర్ రాత్రంతా నడిచినా ఒకటి రెండు లీటర్ల ఇంధనంతో సరిపెడుతుంది. పెట్రోలు ట్రక్కయితే దీనికోసం చిన్న డీజిల్ ట్యాంకు విడిగా బిగిస్తారు. దీనితోనూ జాగ్రత్తలు తప్పవు. ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలిలో ఆక్సిజన్ తగ్గి మసి పడుతుంది కాబట్టి ఎత్తుకి తగ్గట్టు సరిచేసుకోవాలి. గట్టి చలిలో మామూలు డీజిల్ చిక్కబడి గొట్టాల్లో ఆగిపోతుంది కాబట్టి చలికాలపు డీజిలే పోయించాలి. రాత్రి కురిసిన మంచు పొగగొట్టాన్ని కప్పేస్తే పొగ వెనక్కి తన్నుతుంది. అన్నిటికన్నా జాగ్రత్తగా చూసుకోవాల్సింది దాన్నే.

వంటకీ, నీళ్లకీ ఓ లెక్క

మన ఇళ్లలో వాడే వంటగ్యాసు ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. ప్రొపేన్‌కి మైనస్ 42 దాకా ఢోకా లేదు. అందుకే మంచు ప్రాంతాల్లో వంటకి ప్రొపేన్ సిలిండరే వాడతారు. దాన్ని బయటికి మాత్రమే గాలి ఆడే విడి అరలో పెడతారు. తొమ్మిది వేల అడుగుల పైన నీళ్లు 90 డిగ్రీలకి అటూ ఇటుగా మరిగిపోతాయి. దాంతో అన్నం, పప్పు ఓ పట్టాన ఉడకవు. ప్రెషర్ కుక్కర్ లేనిదే గడవని తెలుగు వంటిల్లు ఇక్కడ అక్కరకొస్తుంది! ఆవిరి తగ్గించాలనుకునేవాళ్లు ఇంటి దగ్గరే వండి, డబ్బాల్లో పెట్టి తెచ్చి, వేడిచేసుకు తింటారు.

నీటి గొట్టాలు, కుళాయిలు, షవర్లు ఎంత తక్కువుంటే అంత మంచిది. పగిలేదేదీ లేకపోతే పగలదుగా! చాలామంది ఇరవై లీటర్ల డబ్బా ఒకటి లోపలే, హీటర్‌కి దగ్గరలో పెట్టుకుంటారు. బ్యాటరీ కూడా లోపలే ఉండాలి. ఈ మధ్య అందరూ వాడుతున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలకి సున్నా డిగ్రీల కింద ఛార్జింగ్ ఎక్కిస్తే పాడైపోతాయి.

ఇక స్కీ బూట్లు. చెమటకి లోపల తడిసిన బూటు రాత్రి బయటుంటే పొద్దునకి రాయిలా బిగుసుకుపోతుంది. దాన్ని తొడగబోతే పిల్లలకి ఏడుపొక్కటే తక్కువ. తెలిసినవాళ్లు హీటర్ గాలి గొట్టాన్ని చీల్చి ఓ పాయని బూట్ల అర గుండా పోనిస్తారు. పొద్దున్నే పొడి బూట్లు, వెచ్చటి పాదాలు. పిల్లలు రెండోరోజు కూడా ‘వెళదాం’ అనాలంటే అదొక్కటి చాలు.

ఎక్కడ ఆపాలి?

ఇల్లు కట్టగానే సరిపోదు. పెట్టుకోవడానికి చోటుండాలి. చాలా స్కీ పట్టణాల్లో వీధుల్లో బండి ఆపి పడుకోవడం నిషిద్ధం. ఆరెగాన్‌లోని మౌంట్ బ్యాచిలర్ లాంటి కొన్ని రిసార్టులు మాత్రం డబ్బు తీసుకుని పార్కింగ్ స్థలంలోనే రాత్రిళ్లు ఉండనిస్తాయి. రిసార్టుకో నిబంధన, ఏడాదికో మార్పు. కాబట్టి బయల్దేరేముందే కనుక్కోవాలి. రాత్రిపూట మంచు ఎత్తే యంత్రాలకి అడ్డం లేకుండా చూపించిన చోటే ఆపాలి. మంచు కురవడమంటే మాటలు కాదు మరి. వాషింగ్టన్ రాష్ట్రంలోని మౌంట్ బేకర్ స్కీ ప్రాంతంలో 1998-99 చలికాలంలో 1,140 అంగుళాల మంచు కురిసి ప్రపంచ రికార్డయింది. తొమ్మిదంతస్తుల భవనమంత ఎత్తు!

రోడ్డు మీదా నియమాలున్నాయి. డెన్వర్ నుంచి కొండల్లోకి వెళ్లే ఐ-70 రహదారి మీద సెప్టెంబరు నుంచి మే దాకా చలికాలానికి తగిన టైర్లో, చక్రాలకి చుట్టే గొలుసులో దగ్గరుండాల్సిందే. సొంతంగా కట్టిన క్యాంపర్‌కి రిజిస్ట్రేషన్, బీమా నిబంధనలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు. కొన్ని బీమా కంపెనీలు ఇంట్లో చేసిన క్యాంపర్‌ని అసలు ఒప్పుకోవు. ప్లైవుడ్ కొనేముందే ఈ సంగతి తేల్చుకోవడం మేలు.

ఇంత తతంగం చూశాక హోటలే నయం కదా అనిపించొచ్చు. ఏడాదికి ఒకట్రెండు సార్లు వెళ్లేవాళ్లకి నిజంగా హోటలే నయం. సీజన్లో పది పదిహేను రాత్రులు కొండమీద గడిపేవాళ్లకే ఈ శ్రమ గిట్టుబాటు. అయితే డబ్బు ఒక్కటే కాదు. వేసవి సెలవులంతా నాన్నకి స్క్రూలు అందించి, అమ్మతో కలిసి పరుపు గలీబులు కుట్టిన పిల్లలకి ఆ ఇంట్లో ఏ కమ్మీ ఎక్కడుందో తెలుసు. అలారం బటన్ నొక్కి పనిచేస్తోందో లేదో చూడటం, పైన ఫ్యాను తిరుగుతోందా అని చెయ్యి పెట్టి చూడటం వాళ్ల పనే అవుతుంది. దీపం ఆర్పేముందు పెద్దవాళ్లలో ఒకరు పార పట్టుకుని బయటికి దిగి పొగగొట్టం చుట్టూ మంచు తీసేసి వస్తారు. బాగా కురుస్తుంటే అర్ధరాత్రి ఇంకోసారి లేస్తారు. నాలుగు నక్షత్రాల హోటల్లో ఈ పని ఎవరూ చెయ్యక్కర్లేదు. ఇక్కడ మాత్రం ఇంట్లోవాళ్లు హాయిగా నిద్రపోవాలంటే ఎవరో ఒకరు లేచి చూడాల్సిందే.